పాలకువలెనే పాలపళ్ళకూ పరీక్ష అవసరం

గేదెను కొనేటప్పుడు మన సభ్యులు మొదట చేసే పని దాని నోరు తెరిచి చూడడం. రెండు పళ్ళు వేసిందా, నాలుగు వేసిందా అని వయసు కట్టిన తరువాతనే బేరానికి దిగుతారు. కాని సికింద్రాబాదు చుట్టుపక్కల శామీర్‌పేట, మేడ్చల్, ఘట్‌కేసర్ వైపు సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు, మీ మూడేండ్ల బిడ్డకు పళ్ళు బాగున్నవా అని మేము అడిగితే, "ఎట్లాగూ ఊడిపోయే పాలపళ్ళే గదా" అనే జవాబే ఎక్కువగా వస్తుంది. ఈ మాట ఎందుకు సరికాదో సభ్యులకు వివరించుటకే ఈ వ్యాసం.

పాలపళ్ళు మొత్తం 20. ఆరవ నెల ప్రాంతంలో మొదటి పన్ను వస్తుంది. మూడేండ్లు నిండేసరికి అన్నీ వస్తాయి. ముందుపళ్ళు 6, 7 ఏండ్లకు ఊడినా, దవడపళ్ళు 10 నుండి 12 ఏండ్ల వరకు పనిచేయవలసినవే. నమలుటకే గాక, అడుగున తయారవుతున్న శాశ్వత దంతానికి చోటు కాపాడేవి కూడా అవే. అవి ముందుగా పోతే పక్కపళ్ళు ఆ సందులోకి ఒరిగి, కొత్త పన్ను వంకరగా వస్తుంది. ఇంకొక సంగతి: ఆరవ ఏట, ఏ పన్నూ ఊడకుండానే, వరుస చివర ఒక శాశ్వత దవడపన్ను వస్తుంది. దీనిని కూడా పాలపన్నేనని తలచి, పుచ్చినా పట్టించుకోనివారు ఉన్నారు. అది పోతే మళ్ళీ రాదు.

పన్ను ఎట్లా పుచ్చుతుందో పాలు పోసేవారికి తేలికగా అర్థమవుతుంది. సరిగా కడగని క్యాను అంచులలో మిగిలిన పాలలోని తీపిని సూక్ష్మక్రిములు ఆమ్లంగా మారుస్తాయి. ఆ క్యానులో పోసిన పాలు కాచితే విరుగుతాయి. నోటిలో జరిగేదీ అదే. పళ్ళ సందులలో మిగిలిన తీపిని క్రిములు పులియబెట్టగా, ఆ పులుపుకు పంటి పైపెంకు కరుగుతుంది. పాలపళ్ళకు ఈ పెంకు పలుచన గనుక పుచ్చు త్వరగా లోపలికి దిగుతుంది.

ఇందుకు పాలను నిందించరాదు. పాలలోని కాల్షియం, భాస్వరం, కేసీన్ పంటికి మేలు చేసేవే. కీడు చేసేవి చక్కెర, రాత్రిపూట పాలసీసా. సీసా నోట పెట్టి నిద్రపుచ్చితే, నిద్రలో లాలాజలం తగ్గి, ఆ తీపి రాత్రంతా పళ్ళను అంటిపెట్టుకొని ఉంటుంది. అందుకే ఇట్టి పిల్లలకు పైవరుస ముందుపళ్ళు మొదట పుచ్చుతాయి. ఏడాది దాటిన బిడ్డకు సీసా మాన్పించి, చక్కెర లేని పాలు గ్లాసుతో తాగించి, ఆ తరువాత పళ్ళు తోమి పడుకోబెట్టవలెను. ఫ్లోరైడు ఉన్న పేస్టు మూడేండ్ల లోపు వారికి బియ్యపు గింజంత, ఆరేండ్ల వరకు బఠాణీ గింజంత చాలును.

"నొప్పి లేదు గదా, డాక్టరు ఎందుకు?" అని కొందరు అడుగుతారు. పుచ్చు మొదట చిగురు అంచున సుద్దవంటి తెల్లని గీతగా కనబడుతుంది. అప్పుడు నొప్పి ఉండదు. ఈ దశలో ఫ్లోరైడు పూత వేయించి, తీపి తగ్గిస్తే గుంట పడకుండా ఆపవచ్చును. గుంట పడితే నింపించవలెను. నొప్పితో బిడ్డ రాత్రి ఏడ్చేనాటికి సాధారణంగా పుచ్చు నరం దాకా చేరి ఉంటుంది. అప్పుడిక నరానికి చికిత్సయో, పన్ను తీయించుటయో తప్పదు. అందువలన మొదటి పన్ను వచ్చిన ఆరు నెలలలోగా, మొదటి పుట్టినరోజు దాటకుండా చూపించి, ఆపైన ఆరు నెలలకొకసారి పరీక్ష చేయించవలెను.

నల్లగొండ వైపు సభ్యులకు ఒక మనవి. పళ్ళమీద మచ్చలన్నీ పుచ్చు కావు. దంతం దవడలో తయారయ్యే కాలంలో తాగునీటిలో ఫ్లోరైడు మితిమీరినా మచ్చలు వస్తాయి. ఇటుక పొడితో రుద్దితే మచ్చ పోదు, పంటి పెంకు అరుగుతుంది. ఏది ఏమిటో డాక్టరు చూసి చెప్పవలసిందే.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి వచ్చి, పళ్ళు కూడా చూడవలసి ఉంది. ఆ రోజు బిడ్డను తప్పక పంపండి. చికిత్స కావలసి వస్తే అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నది.

గాలికుంటు టీకాలు కూడా ఆరు నెలలకొకసారే. ఆ తేదీని సంఘం బోర్డుమీద రాసేటప్పుడు, "పిల్లల పళ్ళు చూపించితిరా?" అని దాని కింద ఇంకొక వరుస చేర్చవలసిందిగా సంఘాల కార్యదర్శులను కోరుచున్నాము.