క్రైస్తవకీర్తనల పాఠమును, గాయకాభిమానులును

కీర్తన చదువుటకై పుట్టినది కాదు, పాడుటకై పుట్టినది. కావునఁ బాడువారిని విడిచి దాని పాఠమును మాత్రము విచారించినచో నా విచారము సంపూర్ణము గాదు. తెలుఁగు క్రైస్తవకీర్తనల విషయమున నీ మాట మఱింత సత్యము. వానిని రక్షించినవి తాళపత్రభాండారములు గావు, రాజాస్థానములు గావు. ప్రతివారమును గూడి పాడు జనసంఘములు. నేఁ డా సంఘముల రూపము మాఱినది. ఒక గానబృందమును మెచ్చి, దాని పాటలను విని, వ్రాసికొని, యొండొరులకుఁ బంపుకొను నభిమానుల సమూహములు వెలసినవి. ఈ మార్పువలనఁ గీర్తనపాఠమునకుఁ గలిగిన లాభ మేమి, హాని యేమి, యందు భాషాపండితులు చేయఁదగిన పని యేమి యను మూఁ డంశములను విచారించుట యీ వ్యాసమునకుఁ బ్రయోజనము. మతసిద్ధాంతముల విమర్శ మిట నుద్దిష్టము గాదు.

ముందుగా శబ్దవిచారము. అభిమానశబ్దము అభిపూర్వకమైన మనధాతువునుండి కలిగినది. అమరసింహుఁడు దీనిని గర్వాహంకారశబ్దములతోఁ బర్యాయముగాఁ బఠించెను. తెలుఁగున నిది ప్రీతిని, ఆదరమును దెలుపుచున్నది. ‘ఇది నాది’ యను భావ మీ రెండర్థములకును సాధారణము. అభిమాని తాను మెచ్చిన పాటను దనదిగాఁ దలఁచును. కావుననే దానిని గాపాడును. కావుననే స్వతంత్రించి మార్చును. మనము విచారింపఁబోవు గుణదోషములు రెండును నీ యొక్క శబ్దమునందే సూచితములు. బృందశబ్దమును మనకుఁ గ్రొత్తది గాదు. 13వ శతాబ్దమునాఁటి శార్ఙ్గదేవుఁడు సంగీతరత్నాకరమున గాయకబృందములను ఉత్తమ మధ్యమ కనిష్ఠములుగా విభజించి, యుత్తమబృందమున ముఖ్యగాయకులు 4, సమగాయకులు 8, గాయికలు 12, వేణువాదకులు 4, మార్దంగికులు 4 ఉండవలె నని చెప్పెను. నేఁటి క్రైస్తవ గానబృందములయందు వేణుమృదంగముల స్థానమున గిటారు, కీబోర్డు, డ్రమ్ములు నిలిచినవి. పలువురు గూడి యేకకంఠముగాఁ బాడుట యను లక్షణము మాత్రము మాఱలేదు.

ఇఁక నీ వాఙ్మయముయొక్క చరిత్రము. జర్మనుదేశీయుఁడగు బెంజమిన్ షుల్జు చెన్నపట్టణమునకు వచ్చి, తెలుఁగు నేర్చి, స్వదేశమునకు మఱలినపిమ్మట హాలే నగరమున 1746, 1747 సంవత్సరములలోఁ దెలుఁగు పొత్తములను ముద్రింపించెను. మన భాషలో నచ్చుపడిన తొలిపుస్తకము లవియే. అయినను గద్యబోధ వేఱు, గానము వేఱు. క్రైస్తవభక్తికిఁ దెలుఁగుగానము నొసఁగినవారిలో నగ్రగణ్యుఁడు పురుషోత్తమ చౌదరి (1803–1890). ఇతఁడు బ్రాహ్మణకులమునఁ బుట్టి, క్రైస్తవమతము నవలంబించి, గంజాము విశాఖపట్టణ ప్రాంతములందు బోధకుఁడై, పల్లవిచరణములతోడను యతిప్రాసలతోడను బహుకీర్తనలు రచించెను. విశాఖపట్టణమునందలి పులిపాక జగన్నాథము మొదలగువారు నీ మార్గముననే నడచిరి. ఇట్టివారి రచనలు గూడి ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అను సంపుట మయ్యెను. లూథరనులు, బాప్టిస్టులు, 1947లో నేర్పడిన దక్షిణ ఇండియా సంఘమువారు, ఆచారములలోఁ బరస్పరభేదములు గలవా రయ్యును, ఈ యొక్క పుస్తకమునే చేతఁబట్టి పాడుట గమనింపఁదగిన విషయము. అందుఁ గీర్తనకుఁ బైని రాగతాళములును, చివర రచయితపేరును, చరణాంతమునఁ బల్లవి తొలిపదమును ముద్రించుట సంప్రదాయము.

చిత్తూరుసీమకు వేఱొక ధారయు వచ్చినది. అమెరికాదేశపు రిఫార్మ్‌డు సంఘమువారి ఆర్కాటు మిషనుకుఁ జెందిన జేకబ్ చేంబర్లెన్ (1835–1908) 1863లో మదనపల్లెఁ జేరి, వైద్యమును బోధయు నెఱపుచు, తెలుఁగు బైబిలు పరిష్కరణసంఘమున కధ్యక్షుఁడుగా నుండెను. ఆరాధనగీతములను దెలిఁగించి 1884లో నొక సంపుటమునుఁ బ్రకటించినవాఁ డితఁడే. చౌదరి నడచినది దేశీయగానమార్గము. అనువాదగీతములది వేఱు మార్గము; అవి పాశ్చాత్యదేశపు మెట్టునఁ బాడఁబడినపు డొక చిక్కు కలుగును. ఆంగ్లపద్యమున కాధారము అక్షరముపై వేయు ఊనిక, తెలుఁగుపాటకాధారము మాత్ర. ఊనిక పడుచోట మనకు లఘువు వచ్చినయెడల గాయకుఁడు దానిని సాగఁదీయును. ఊనిక లేనిచోట గురువు వచ్చినయెడలఁ గుదించును. హ్రస్వదీర్ఘభేదముచేతనే యర్థము మాఱు మన భాషకు నిది సామాన్యమైన బాధ గాదు.

ఈ రెండు ధారలతోడఁ దమిళధారయుఁ గలియు ప్రదేశము శ్రీసిటీ. ఇది తిరుపతి జిల్లాలో సత్యవేడు, వరదయ్యపాళెము మండలముల గ్రామములయందు 2008లో వెలసిన పారిశ్రామికనగరము. తడకు దగ్గఱ, చెన్నపట్టణమునకు సుమారు 55 కిలోమీటర్ల దూరము. సత్యవేడుప్రాంతము 1960లో సరిహద్దులు సవరించినప్పుడు చెంగల్పట్టు జిల్లానుండి యాంధ్రప్రదేశమునకు వచ్చినది. కావున నిటఁ దెలుఁగు, అరవము రెండును వాడుకభాషలు. తమిళమున తంజావూరి వేదనాయకశాస్త్రి (1774–1864) క్రైస్తవగానమునకుఁ బ్రతిష్ఠ గూర్చినవాఁడు. బెత్లెహేము కురవంజి యతని కృతి. నేఁడు తమిళ క్రైస్తవగీతము లనేకము లదే మెట్టునఁ దెలుఁగులోనికి వచ్చుచున్నవి. తమిళుల ‘ఎదుగై’ మన ప్రాసమువలె ద్వితీయాక్షరము నాశ్రయించినది. మెట్టు వచ్చును, భావము వచ్చును; ఆ ద్వితీయాక్షరనియమము మాత్రము రాదు.

జపాను మొదలగు దేశములవారి కర్మాగారములు నెలకొన్న యీ నగరమునకుఁ బనికై వచ్చు యువజనులు పలుసీమలవారు. పూర్వము సంఘమనఁగా నొక యూరి మందిరమునఁ గూడువారు. పెద్దలు పాడఁగాఁ బిన్నలు విని నేర్చుకొనెడివారు. స్వగ్రామము విడిచినవారికి నట్టి గురుస్థానము లేదు. యూట్యూబున విన్న పాటయే గురువు, వాట్సాపున వచ్చిన వ్రాతయే పుస్తకము. ఒకే బృందము పాటలను మెచ్చుటయే వారిని గూర్చు బంధము. వ్రాసినది తప్పని తోఁచిన నొకఁడు దిద్దును. వేఱొకఁడు దానిని మరల దిద్దును. పూర్వము తాళపత్రలేఖకులు చేసినపని యిదియే. వారి ప్రతులయందుఁ గలిగిన దోషములే వీరి ప్రతులయందును గలుగుచున్నవి.

పాఠమునకు సంఘ మెంత యవసరమో తెలియుటకుఁ దిరుపతినుండియే యొక నిదర్శనము చూపవచ్చును. తాళ్లపాక అన్నమాచార్యుఁడు (1408–1503) 32,000 సంకీర్తనలు రచించె నని ప్రతీతి. అందు లభించినవి రాగిఱేకులయందుఁ జెక్కఁబడి తిరుమల సంకీర్తనభాండారమున నిలిచినవి. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మొదలగు మహాపండితులు వానిని బరిష్కరించిరి. ఱేకులమీఁద సాహిత్యమును రాగనామమును నిలిచినవి. పాడువారి పరంపర తెగుటచే మెట్టులు లుప్తమైనవి. రాళ్లపల్లివారు మొదలగువారు వానికిఁ గ్రొత్తగా స్వరము గూర్పవలసివచ్చెను. క్రైస్తవకీర్తనల స్థితి దీనికి విపర్యయము. ఇట మెట్టు జనకంఠమున సజీవము, పాఠము శిథిలమగుచున్నది. అచట రాగి యుండియు గొంతు లేకపోయెను. ఇట గొంతు లుండియు రాగి లేదు. రెండింటియందును నష్టము నష్టమే.

పాఠభేదమంతయు దోషమని నా యభిప్రాయము గాదు. త్యాగరాజస్వామి కీర్తనలకు వాలాజాపేట, ఉమయాళ్పురము, తిల్లస్థానము అని మూఁడు శిష్యపరంపరలు గలవు. వాని పాఠాంతరములను విద్వాంసు లాదరముతోఁ బరిశీలింతురు. పరంపరాగతమైన భేదము వేఱు, అనవధానమువలనఁ గలిగిన భేదము వేఱు. రెండవదాని స్వరూపమును గొన్ని యుదాహరణములతోఁ జూపెదను. ఇవి బోధకై నేను గల్పించినవి. ఏ కీర్తననుండియుఁ గైకొన్నవి గావు.

మొదటిది సంధి నెఱుఁగకుండుట. ‘ప్రభువు + ఇచ్చెను’ అనునది సంధిచే ‘ప్రభువిచ్చెను’ అగును. సంధి యలవాటు లేనివాఁడు విని ‘ప్రభు వచ్చెను’ అని వ్రాయును. మాత్రలు సమానము గావునఁ దాళము తప్పదు. దోషము చెవికిఁ దెలియదు. దానము రాక యయ్యెను. ‘బాధలన్ + పాపు’ అనునది సరళాదేశముచే ‘బాధలఁ బాపు’ అగును. ‘పాపు’ అనఁగాఁ దొలఁగించుట యని తెలియనివానికి ‘బాపు’ అనునది యర్థములేని శబ్దము. ‘నా + ఆత్మ’ అనుచో యడాగమము వచ్చి ‘నాయాత్మ’ అగును. దీనిని విడఁదీసి ‘నా ఆత్మ’ యని వ్రాసినను యతికి భంగము రాదు, అకారాదులకు యకారముతో మైత్రి గలదు గావున. ప్రాసస్థానమున నున్నచో హల్లు పోయి ప్రాస భంగమగును. 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణము చదివిన బాలునకుఁ గూడ నివి సులభములు. అది చదువనివానికి నెవ్వరు చెప్పుదురు?

రెండవది యర్థపరిణామము. ‘దయచేయు’ అనఁగాఁ బూర్వము అనుగ్రహించి యిచ్చుట, గౌరవముతో విచ్చేయుట. నేఁటివాడుకలో ‘దయచేసి’ యనునది ప్రార్థనాసూచకమైన యవ్యయమువలె నయినది. ‘శాంతి దయచేసి’ యని పాడు బాలుఁడు శాంతి నొసఁగి యని గ్రహింపక, వాక్య మేదియో మిగిలియున్న దని తలఁచును. పిదప నా కొఱఁతను దానే పూరించును.

మూఁడవది లిపిదోషము; అన్నింటిలో నిది ప్రబలము. తెలుఁగు చదువనేరని యువజనులకొఱకుఁ బాటలను ఆంగ్లలిపిలో వ్రాయు వాడుక బలపడినది. ఆ లిపిలో హ్రస్వదీర్ఘములకును, తవర్గటవర్గములకును, లళలకును, నణలకును సామాన్యముగా భేదము చూపఁబడదు. ఎమ్, ఏ, టి, ఏ యను నాలుగక్షరములను ‘మాట’ యనియుఁ జదువవచ్చును, ‘మాత’ యనియు, ‘మత’ మనుటలోని ‘మత’ యనియుఁ జదువవచ్చును. ‘దేవుని మాట’ యని కవి వ్రాసినది మరలఁ దెలుఁగులిపికి వచ్చునప్పుడు ‘దేవుని మాత’ యగుట యసంభవము గాదు. క్రీ.శ. 431లో ఎఫెసు నగరమునఁ గూడిన మహాసభ ‘దేవమాత’ యను బిరుదమును గుఱించియే వాదించినది. ఆ దేవమాతృపూజను గూర్చి క్రైస్తవశాఖల కిప్పటికిని నైకమత్యము లేదు. ఒక టకారము తకార మగుటచే నొక సంఘమువారి గీత మింకొక సంఘమువారి సిద్ధాంతమును బలుకును.

నాలుగవది రాగతాళముల పేళ్లు జాఱిపోవుట. అచ్చుపుస్తకముననుండి పాటను వ్రాసికొనువాఁడు పల్లవితో మొదలిడును. పైనున్న పంక్తి తనకు ననావశ్యకమని విడుచును. కొంతకాలమునకు నా మెట్టు వినినవారు లేకపోయినచో, తాళ్లపాకవారి ఱేకులకున్న యాధారమైన నీ పాటలకు మిగులదు.

ఇట నొక వింత చూడుఁడు. ‘హల్లెలూయ’, ‘హోసన్న’, ‘ఆమేన్’ అను హీబ్రూపదములు మాత్రము వేలయేండ్లు గడచినను జెడక నిలిచినవి. ‘హల్లెలు’ అనఁగా స్తుతింపుఁడు, ‘యా’ యనునది దైవనామసంక్షేపము. రోమనుకతోలికులు ‘అల్లెలూయ’ యని హకారము లేక పలుకుదురు. ఆ పదము వారికి గ్రీకు లాటిను భాషల ద్వారమున వచ్చుటయే దీనికిఁ గారణము. పద మే త్రోవను వచ్చెనో యక్షరమే చెప్పుచున్నది. అర్థము తెలియని పదమును జనులు మంత్రమువలెఁ బవిత్రముగాఁ జూచి యక్షరము గదల్పరైరి. తెలిసినదని తలఁచిన తెలుఁగుపదమునే మార్చిరి. వేదపాఠమున కక్షరరక్ష యేల విధింపఁబడెనో దీనినిబట్టియు గ్రహింపవచ్చును.

‘భక్తికి వ్యాకరణముతోఁ బని యేమి? భావము చాలును’ అని కొందఱందురు. భావము చాలు ననుట భక్తునకుఁ జెల్లును. భావము పాఠము నాశ్రయించియే కలుగును గావున లేఖకునకుఁ జెల్లదు. మఱియు నీ కీర్తనలు మతగ్రంథములు మాత్రమే కావు. పాఠశాల మొగము చూడని స్త్రీపురుషులు సైతము సంధిసమాసయుక్తమైన గ్రాంథికభాషను వారము వారము నోటఁ బలుకుట కివి సాధనములైనవి. వ్యావహారికవాదము ప్రబలి పాఠ్యపుస్తకములనుండి గ్రాంథికము తొలఁగిన పిమ్మటను, జనసామాన్యమునోట నది నిలిచిన కొలఁది స్థానములలో నీ కీర్తనలొకటి. గుఱ్ఱము జాషువ క్రీస్తుచరిత్రమునకు 1964లో సాహిత్య అకాడమి పురస్కారము లభించినందున క్రైస్తవపద్యకావ్యము పండితుల దృష్టికి వచ్చెను. కీర్తనకు నట్టి యదృష్ట మింకను బట్టలేదు.

చేయఁదగిన పను లివి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల ప్రాచీనముద్రణములను సమకూర్చి, పాఠభేదములతో సవిమర్శమైన ప్రతి నొకదానిని సిద్ధము చేయవలెను. దానికి బాలవ్యాకరణానుసారమైన పదచ్ఛేదమును, లఘుటిప్పణమును జేర్పవలెను. ఆంగ్లలిపి తప్పనిసరి యైనచోఁ దెలుఁగుపాఠమును బ్రక్కనే యుంచవలెను. ఒంటిగా నా లిపినిఁ బంపరాదు. గ్రామములయందుఁ బాతమెట్టు లెఱిఁగిన వృద్ధులు పాడఁగా వారి కంఠములను ముద్రించి యుంచవలెను. ఇది యాలస్యమునకు నోర్చు పని గాదు. వీనిలోఁ బ్రతులను దెచ్చుట, వృద్ధుల వెదకుట, కంఠములను ముద్రించుట యభిమానసంఘములవారికి సులభము. ఒక్క నాఁటిలో నూఱూళ్ల పాఠములను దెప్పింపఁగల సౌకర్యము వారికిఁ గలదు, మన కది లేదు. ఏ పాఠము సాధువో నిర్ణయించుట మనకు సులభము, వారి కది కష్టము. శ్రీసిటీవంటి చోట్లఁ బాఠశాలాపండితులు పాటల వ్రాఁతప్రతులను దెప్పించి దోషముల సవరించి యిచ్చినచో, సవరణను వారు సంతోషముతోనే గైకొందురు; తాము మెచ్చిన పాట శుద్ధముగా నుండవలె ననుటకంటె నభిమానికిఁ గోరిక వేఱొండు లేదు. విద్వాంసులు కీర్తనయొక్క మతమును జూచి దూరముగా నిలువక, దాని తెలుఁగును జూచి దరిఁ జేరుదురుగాక.