నల్లకోటు చాటున నలిగిపోతున్న జూనియర్లు

పొద్దున ఏడింటికల్లా సీనియర్ గారి ఆఫీసులో ఉండాలి. ఆ రోజు వాయిదాల కట్టలు వరసగా సర్ది పెట్టాలి. పదిన్నరకు కోర్టు. ఒక హాలులో కేసు పిలుస్తుంటే ఇంకో హాలుకు పరుగు. సాయంత్రం ఆరింటికి మళ్లీ ఆఫీసు. రాత్రి పదింటికి గదికి చేరి కంచం ముందు కూర్చుంటే సెల్‌ఫోనులో మరో కబురు: "రేపటికి ఆ కౌంటరు రాసి ఉంచు". ఇంతా చేస్తే నెలకు చేతికొచ్చేది బస్సు చార్జీలు, టిఫిను ఖర్చు. కొందరికి అదీ లేదు.

కొత్తగా నల్లకోటు తొడిగిన వకీలు దినచర్య ఇది. గుంటూరు అయినా, తెనాలి అయినా, నరసరావుపేట అయినా పెద్ద తేడా ఉండదు. సొంత ఊళ్లో మాత్రం ఆ కుర్రాడు "లాయరు గారు". పండక్కి ఇంటికొస్తే గట్టు తగాదాల కాగితాలు పట్టుకుని నలుగురు అరుగు మీద చేరతారు. తిరుగు ప్రయాణానికి డబ్బుల్లేవని నాన్నకు చెప్పలేక, చాటుగా అమ్మనడిగి తీసుకుని బస్సెక్కుతాడు ఆ లాయరు గారు.

జీతం కాదు, దయ

ప్రాక్టీసు చేసే వకీలు పూర్తికాలపు జీతగాడుగా ఉండరాదన్నది బార్ కౌన్సిల్ నియమం. వృత్తి స్వతంత్రంగా ఉండాలన్నది దాని ఉద్దేశం. కాని జూనియర్ విషయంలో అది ఎదురు తిరిగింది. అతను ఉద్యోగి కాడు గనుక హాజరు పట్టీ లేదు, సెలవు లేదు, ప్రావిడెంట్ ఫండు లేదు. సీనియర్ ఇచ్చేది జీతం కింద లెక్కకు రాదు. ఇస్తే ఇచ్చినట్టు, లేకుంటే లేనట్టు. "పని నేర్పుతున్నాం కదా, ఇంకా డబ్బెందుకు?" అన్నమాట చాలా ఆఫీసుల్లో వినిపించేదే.

పూర్వం ఆస్తిపాస్తులున్న ఇళ్ల పిల్లలే ఎక్కువగా ప్లీడర్లయ్యేవారు. నాలుగేళ్లు రాబడి లేకపోయినా ఇల్లు గడిచేది. ఇప్పుడు కౌలు రైతుల పిల్లలు, కూలీల పిల్లలు, నేతపనివారి పిల్లలు లా చదువుతున్నారు. ఇంటర్ తర్వాత అయిదేళ్లో, డిగ్రీ తర్వాత మూడేళ్లో చదివి, పేరు నమోదు చేయించుకుని, ఆలిండియా బార్ పరీక్ష గట్టెక్కి వచ్చేసరికి ఇంట్లో అప్పు పెరిగి ఉంటుంది. వృత్తిలోకి వచ్చేవారు మారారు గాని, ఆఫీసుల పద్ధతి మారలేదు.

కక్షిదారుల ముందే తిట్లు

డబ్బు లేకపోయినా ఓర్చుకుంటారు. మాట పడటమే కష్టం. కక్షిదారుల ముందే "నీకెవడిచ్చాడయ్యా పట్టా?" అనడం, రాసుకొచ్చిన కాగితం చదవకుండానే బల్ల మీద విసిరేయడం, కరెంటు బిల్లు కట్టిరమ్మనడం, పిల్లల్ని బడి నుంచి తీసుకురమ్మనడం కొన్ని ఆఫీసుల్లో మామూలే. సీనియర్ రాకపోతే జడ్జి గారి మందలింపు జూనియర్‌కే. ఆఫీసుకొస్తే, వాయిదా ఎందుకు తేలేకపోయావని మళ్లీ చీవాట్లు.

మానేసి పోదామన్నా భయమే. ఊరు చిన్నది, బార్ ఒక్కటే. ఇంకో ఆఫీసు గడప తొక్కితే మొదటి ప్రశ్న "అక్కడెందుకు మానేశావు?" అనే. నిజం చెబితే తలబిరుసు అంటారు, చెప్పకపోతే పని రాదనుకుంటారు.

ఆడపిల్లల ఇబ్బంది మరీ ఎక్కువ. రాత్రి పొద్దుపోయేదాకా ఆఫీసులో ఉండాలంటే ఇంట్లో భయం. ఉండకపోతే పెద్ద కేసు కట్టలు చేతికి రావు. పనిచేసేచోట లైంగిక వేధింపుల నివారణకు 2013లో చట్టం వచ్చింది. పదిమందికి తక్కువగా పనిచేసే ఆఫీసుల్లోని స్త్రీలు జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. మూడు నెలల్లోగా ఇవ్వాలి. డబ్బు తీసుకోకుండా పని నేర్చుకునేవారికీ ఈ చట్టం రక్షణ ఇస్తుంది. ఈ సంగతి తెలియనివారే ఎక్కువ.

అందరూ ఒకటి కాదు

సీనియర్లందరూ ఇలాంటివారే అనడం అన్యాయం. దావా ఎలా అల్లాలో పక్కన కూర్చోబెట్టుకుని నేర్పేవారున్నారు. క్రాసులో ఏ ప్రశ్న ముందు వేయాలో, ఏది అసలు వేయకూడదో చెప్పేవారున్నారు. ఫీజు వచ్చిననాడు అందులో కొంత తీసి జూనియర్ జేబులో పెట్టేవారూ ఉన్నారు. అలాంటి ఆఫీసులో మూడేళ్లు ఉంటే కుర్రాడు సొంతంగా నిలబడగలడు. చాలాచోట్ల స్టాంపులు, నకళ్లు, కోర్టు తిప్పి పంపిన కాగితాలు సరిచేయడం వంటి పనులు నేర్పేది పాత గుమాస్తానే.

చిన్న ఊళ్లలోని సీనియర్లకూ ఇబ్బందులున్నాయి. రైతు పంట అమ్మితే గాని ఫీజు ఇవ్వలేడు. పంట పోతే ఫీజూ పోతుంది. అలాంటి ఆఫీసు నలుగురు జూనియర్లకు నెలనెలా డబ్బివ్వడం కష్టమే. అయితే మర్యాదగా మాట్లాడటానికి పైసా ఖర్చుకాదు కదా అని జూనియర్ల ప్రశ్న.

రుజువూ సీనియర్ చేతిలోనే

జూనియర్ సివిల్ జడ్జి ఉద్యోగానికి కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ ప్రాక్టీసుకు అక్కడి ప్రధాన న్యాయాధికారి ధ్రువపత్రం కావాలి. లేదా పదేళ్ల అనుభవమున్న వకీలు ఇచ్చిన పత్రంపై ఆ అధికారి ఆమోదం ఉండాలి. కోర్టు అనుభవం లేనివారు జడ్జీలు కాకూడదన్న ఉద్దేశం మంచిదే. కాని జడ్జి కావాలనుకునే పేదింటి బిడ్డ రాబడి లేని మూడేళ్లు ఎలాగో గడపాలి. చివరికి చాలామంది ఆ పత్రం కోసం తమ సీనియర్ వైపే చూడాల్సి వస్తుంది. అందుకే ఎన్ని మాటలన్నా నోరు మెదపరు.

సిఫారసే గాని హుకుం కాదు

సాయం అసలు లేదని కాదు. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కొత్త వకీళ్లకు మొదటి మూడేళ్లు నెలకు 5,000 రూపాయల భృతి ఇచ్చే లా నేస్తం పథకం ప్రారంభించింది. నమోదు రుసుము కింద మామూలు అభ్యర్థుల నుంచి 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీల నుంచి 125 రూపాయలకు మించి తీసుకోరాదని 2024 జులై 30న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. అంతకుముందు పలు రాష్ట్రాల్లో వేలకు వేలు వసూలయ్యేవి.

జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20,000 రూపాయలు, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు కనీసం మూడేళ్లపాటు ఇవ్వాలని 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సీనియర్లను కోరింది. అయితే అది సిఫారసే. ఇవ్వకపోతే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు గాని, సీనియర్‌కు నిజంగా శక్తి లేకపోతే చూసీచూడనట్టు పోతారు. పైగా పేరు పెట్టి ఫిర్యాదు చేసి, మర్నాడు అదే బార్‌లో కూర్చోగల జూనియర్ ఎక్కడుంటాడు?

కక్షిదారుకూ నష్టమే

ఇది వకీళ్ల ఇంటి గొడవ, మనకెందుకు అనుకుంటే పొరపాటే. పొలం దావా కోసం తెల్లవారుజామున బస్సెక్కి వచ్చిన రైతు కోర్టు వరండాలో నిలబడతాడు. "బాబూ, మన కేసేమైంది?" అంటాడు. "మళ్లీ వాయిదా బాబాయ్, పెద్దాయన్నడిగి చెబుతా" అంటాడు జూనియర్. ఆ కట్ట తన చేతికొచ్చి అయిదు నిమిషాలే అయిందని మాత్రం చెప్పడు. నిద్రలేని కళ్లతో రాసిన కాగితంలో ఒక సర్వే నంబరు తప్పుపడితే, దాన్ని దిద్దించుకోవడానికే నెలలు పడుతుంది. జూనియర్‌ను సరిగా చూడని ఆఫీసులో కక్షిదారు కేసుకూ భరోసా ఉండదు.

చేరేముందే అడగాలి

పిల్లల్ని లా చదివించే తల్లిదండ్రులు కాలేజీ ఫీజుతో పాటు ఆ తర్వాతి మూడేళ్ల ఖర్చు కూడా ముందే లెక్క వేసుకోవాలి. ఆఫీసులో చేరేముందు అక్కడ పనిచేసి వచ్చినవారిని కలిసి సీనియర్ తీరు కనుక్కోవాలి. నెలకు ఏమిస్తారో, వకాల్తాలో జూనియర్ పేరు రాస్తారో లేదో మొదటిరోజే అడగాలి. వకాల్తాలో పేరుంటే ప్రాక్టీసుకు అదే రుజువు. ఏ తేదీన ఏ కోర్టులో ఏ కేసుకు హాజరైందీ డైరీలో రాసుకోవడం మంచిది.

అన్నిటికన్నా ముఖ్యం ఇంట్లో మాట. పండక్కి వచ్చిన కొడుకునో కూతురునో "కేసులెన్ని గెలిచావు?" అని అడిగేవారే అందరూ. "వేళకు తింటున్నావా? ఆఫీసులో నిన్నెలా చూస్తున్నారు?" అని అడిగేవారు ఒక్కరైనా ఉండాలి. భరించలేనిచోట మానేసి రావడం తప్పు కాదని ఇంటివాళ్లు చెబితే, ఆ బిడ్డ ధైర్యంగా ఇంకో ఆఫీసు గడప తొక్కుతుంది.