కథ ముందే రాయని ఆట

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ‘డన్జన్స్ అండ్ డ్రాగన్స్’ బల్ల చుట్టూ కూర్చుని మాటలతో ఆడే ఆట. అమీర్ హంజా దాస్తాన్లు, తిలిస్మ్‌లు విన్న ఇళ్లకు ఈ లోకం మరీ కొత్తేం కాదు. తేడా ఒక్కటే: ఇక్కడ కథ ఎటు పోతుందో నడిపేవాడికీ తెలియదు.

నడిపేవాడు రెఫరీ. పాత పద్ధతిలో అతను కథ రాయడు, చోటు గీస్తాడు. ఒక ఊరు, పక్కన అడవి, ఓ పాడుబడ్డ కోట, దాని కింద నేలమాళిగలు... మొదలుపెట్టడానికి ఇంత చాలు. ఎటు వెళ్లాలన్నది ఆటగాళ్ల ఇష్టం. నేలమాళిగలో ఆట లెక్కన పది నిమిషాలు గడిచినప్పుడల్లా రెఫరీ పాచిక వేస్తాడు. మొదటి నియమాల ప్రకారం ఆరు పడితే ఏదో ప్రాణి ఎదురొస్తుంది. అది తమకన్నా బలమైనదైతే పారిపోవడమే తెలివి.

అసలు కష్టం ఇక్కడే. నెలల తరబడి పెంచుకున్న పాత్ర చచ్చిపోయేలా ఉంటే పిల్లాడి మొహం చూసి పాచిక మార్చి చెప్పాలనిపిస్తుంది. చెప్పకూడదు. ఒక్కసారి మార్చాడని తెలిస్తే ఆ తర్వాత గెలిచినా ఎవరికీ గెలిచినట్టుండదు. కొత్త పాత్ర రాసుకోవడానికి పది నిమిషాలు పట్టదు.

“పాచికలా? జూదం కాదు కదా?” అని ఇంట్లో పెద్దలు అడుగుతారు. ఇందులో పందెం లేదు, డబ్బు లేదు. అసలు పాచికలే వద్దనుకునే ఇంట్లో 1 నుంచి 6 దాకా చీటీలు రాసి, గిన్నెలో వేసి తీసినా లెక్క అదే.