పెరటి తోట – మన ఇంటి బడి

సుఖముగా జీవించుటకు గొప్ప సంపద కావలెనని పలువురు భావింతురు. కాని కొంచెము యోచించినచో, మనుష్యునకు దినదినమును సంతోషము నిచ్చునవి మిక్కిలి స్వల్పములైన వస్తువులే యని తేటపడును. తెల్లవారుజామున విచ్చిన గుమ్మడిపూవు, చేతితో తుంచి తెచ్చిన కరివేపాకు రెబ్బ, సాయంకాలమున అరుగుపై కూర్చుండి పిల్లలతో చెప్పుకొను నాలుగు మాటలు – వీనికి వెల లేదు. ఈ మూడింటిని ఒక్కచోట సమకూర్చునది పెరటి తోట. దానిని కొద్ది స్థలములో నెట్లు పెంచవచ్చునో, దానివలన మన పిల్లలకును మన భాషకును కలుగు మేలెట్టిదో ఈ వ్యాసమున తల్లిదండ్రులకు విన్నవింప దలచితిమి.

మన హోసూరు ప్రాంతము చల్లని గాలికిని, పూలసాగునకును పేరు పడినది. ఇచ్చటి గులాబీలు దూరదేశములకు ఎగుమతి యగుచున్నవి. అయినను ఊరిలో నివసించు మన పిల్లలలో ఎందరు చేత మట్టి ముట్టుచున్నారు? కర్మాగారములు వచ్చినవి, జనము పెరిగినది, పెరళ్లు ఇండ్లుగా మారినవి. ఉదయము బడి బస్సు, సాయంకాలము ట్యూషను, రాత్రి సెల్‌ఫోను. ఇంటిలో నలుగు రున్నను నలుగురును నాలుగు మూలల నుందురు. ఇది ఎవరి దోషమును కాదు, కాలము తెచ్చిన మార్పు. అయితే దినమునకు అరగంటయైన నందరును కలిసి చేయు పని యొకటి యుండవలెను. అట్టి పనులలో తోటపనికి మించినది మాకు కనబడలేదు.

తోట యనగానే ఎకరముల నేల అవసరము లేదు. మేడపై నాలుగు కుండీలున్నను చాలును. మొదట ఎండను గమనింపవలెను. దినమునకు ఆరు గంటలు ఎండ తగులు చోట వంగ, టమాటా, బీర, చిక్కుడు వంటివి కాయును. మూడు నాలుగు గంటల ఎండ మాత్రమే తగులు చోట ఆకుకూరలు పెంచుట మేలు. కుండీ అడుగున రంధ్రము తప్పక యుండవలెను. లేనిచో నీరు నిలిచి వేళ్లు కుళ్లిపోవును. తోటమట్టి, బాగుగా చివికిన ఎరువు, ఇసుక సమపాళ్లలో కలిపి నింపినచో మట్టి గట్టిపడక గుల్లగా నుండును.

పిల్లలచేత మొదట మెంతులు చల్లించుట మంచిది. ఏలయన పిల్లలకు ఓర్పు తక్కువ. మెంతులు మూడు నాలుగు దినములలోనే మొలకెత్తి వారి ముఖమున నవ్వు తెప్పించును, సుమారు నెల దినములకు కూరకు వచ్చును. ధనియములు మాత్రము వారము పది దినములు నిరీక్షింప జేయును. వానిని మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి చల్లవలెను. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన చల్లించినచో, ప్రతి ప్రాణికిని దాని కాలము దానికున్నదను పాఠము బాలునకు బెత్తము లేకయే బోధపడును.

ఎరువునకై ధనము వెచ్చింప నక్కరలేదు. కూరగాయల తొక్కలు, వాడిన పూలు, టీపొడి పిప్పి, ఎండుటాకులు ఒకదానిపై నొకటి పొరలుగా వేసి, తడి యారకుండ చూచుచు వారమున కొకసారి తిరగవేసినచో రెండు మూడు నెలలలో నల్లని ఎరువు సిద్ధమగును. బియ్యము కడిగిన నీటిని మొక్కలకు పోయవచ్చును. పురుగు పట్టినప్పుడు లీటరు నీటికి ఒక చెంచా వేపనూనె, రెండు చుక్కల సబ్బునీరు కలిపి సాయంకాలమున చల్లవలెను. కుండీల క్రింది పళ్లెములలో నీరు నిలువ నీయరాదు. దోమ గ్రుడ్డు పెద్దదై ఎగురుటకు వారము పది దినములే చాలును గనుక, వారమున కొకసారి ఆ పళ్లెములను బోర్లించు భారము పిల్లలకే అప్పగింపుడు.

ఇక తోటలో చూడదగిన వింతలు పెక్కు గలవు. గుమ్మడిపాదున రెండు విధములగు పూలు పూయును. సన్నని కాడపై నిలుచునది పోతుపూవు. రేకుల క్రింద చిన్ని పిందె గలది ఆడుపూవు. ఉదయమున తేనెటీగ పోతుపూవు పుప్పొడిని ఆడుపూవునకు చేర్చిననే ఆ పిందె నిలుచును, లేనిచో పసుపువారి రాలిపోవును. తేనెటీగలు రాని మేడపై పిల్లలే పోతుపూవును కోసి ఆడుపూవునకు తాకించి కాయను నిలుపవచ్చును. గుమ్మడి తెల్లవారి పూయగా, బీరపూవు సాయంకాలమున విచ్చును; సొరపూవు చీకటిలో తెల్లగా మెరయును; చంద్రకాంత ప్రొద్దువాలిన పిమ్మట కన్ను విప్పును. ఈ పూల గడియారము చూచుటకు నేర్చిన బాలునకు శాస్త్రపాఠము భారము కాదు.

ఇప్పుడు మా హృదయమునకు దగ్గరగానున్న విషయమును చెప్పెదము. 1956లో భాషల ననుసరించి రాష్ట్రములు పునర్విభక్తములైనను మన తాలూకా మద్రాసు రాష్ట్రముననే నిలిచినది. 2006 నాటి చట్టము ననుసరించి ఈ రాష్ట్రపు పాఠశాలలలో తమిళము ఒకటవ తరగతినుండి అంచెలంచెలుగా తప్పనిసరి యయ్యెను. మనమున్న నేల భాషను మన పిల్లలు చక్కగా నేర్వవలసినదే. అందు వైమనస్య మేమియు లేదు. కాని బడిలో తెలుగునకు దక్కు కాలము పరిమితము. ఆ గంటలలో అక్షరములు, పద్యములు, వ్యాకరణము నేర్పవచ్చును. మొలక, నారు, మడి, పాదు, కుదురు, పందిరి అను మాటలను అట్లు నేర్పుటెట్లు? మొక్క మారాకు వేయుట, మొగ్గ తొడుగుట, పూత రాలుట, పిందె పడుట, కాయ దోరగా నగుట – ఇవి నల్లబల్లపై బ్రదుకు మాటలు కావు. అవ్వ ప్రక్కన నిలిచి, చేయి చూపి చెప్పగా విని నేర్చుకొను మాటలు. పెరడు పోయిన ఇంట ఈ మాటలును మెల్లగా పోవుచున్నవి.

మరియొక లాభము కలదు. మూడు భాషలు కలిసిన ఈ సీమలో ఒక్క పాదు మూడు పాఠములు చెప్పును. మన సొరకాయ తమిళమున సురైక్కాయ్, కన్నడమున సోరెకాయి. మన మునగ వారికి మురుంగై, వీరికి నుగ్గె. మన బీర తమిళమున పీర్క్కు, కన్నడమున హీరె. మన పూవు తమిళమున పూ, కన్నడమున హూవు. మన పాలు అచ్చట పాల్, ఇచ్చట హాలు. పూర్వము కన్నడమునను ఇట్టి మాటల మొదట పకారమే యుండి, కాలక్రమమున హకారముగా మారినది. ఈ సంగతి తెలిసిన బాలుడు పొరుగువాని భాషను పరాయిదిగా నెంచడు, తన భాషను తక్కువగా చూడడు. ఒక్క తల్లి బిడ్డల పోలికలు కనిపెట్టినవానివలె సంతోషించును.

కాలగణనమును అంతే. మన పెద్దలు సంవత్సరమును ఇరువదియేడు కార్తెలుగా విభజించి, ఒక్కొక్క కార్తెకు పదుమూడు పదునాలుగు దినములు లెక్కించి సేద్యము చేసిరి. మే చివరి వారమున రోహిణి ఎండలు, జూను మొదటి వారము దాటగానే మృగశిర చల్లదనము. తాతగారు ఇంట నున్నయెడల ఏ కార్తెలో ఏ విత్తు వేయుదురో మనుమలచేత అడిగించుడు. ముసలివారి మాట వినువారు లేని ఇంట వారి జ్ఞానము వారితోనే అస్తమించును.

పెరటిచెట్టు వైద్యమునకు పనికిరాదని సామెత. చేతికందిన దానికి విలువ నీయమని దాని భావము. మన ఇంటి తెలుగును నేడు అట్టి పెరటిచెట్టే. పరీక్షలో మార్కులు తెచ్చునా, ఉద్యోగము నిచ్చునా యని అడుగువారు కలరు. కరివేపచెట్టు ఏ ఉద్యోగము నిచ్చుచున్నది? అయినను అది లేని పులుసు రుచింపదు కదా.

కావున తల్లిదండ్రులారా, ఈ సెలవులలో ఒక్క కుండీతోనైన ఆరంభింపుడు. బిడ్డచేత ఒక చిన్న పుస్తకము పెట్టించి, విత్తు వేసిన తేదీ, మొలచిన దినము, పూసిన దినము, వచ్చిన పక్షి పేరు తెలుగులో వ్రాయింపుడు. తప్పులున్నను కోపగింపకుడు. నీరు పోయునపుడు ఫోనును లోపల నుంచి రండు. మొదటి కూరను ఇరుగుపొరుగు వారికి కొంచెము పంచుడు. బడి తెరచిన నాడు ఆ పుస్తకములను పిల్లలు తెచ్చి తరగతిలో చదివినచో, అంతకంటె మంచి తెలుగు పాఠము మా ఉపాధ్యాయులును చెప్పజాలరు.