తర్వాతి వంతు ఎవరిది?

"సాయంత్రం ఆరున్నర. పడమటి ఆకాశమంతా కాషాయం పులుముకుంది. సింహాచలం జంగ్లీఘాట్ జెట్టీ మీద కాలుపెట్టాడు. గుండె నిండా ఏదో తెలియని వేదన. పాతికేళ్ల జీవితం కళ్ల ముందు కదిలింది. చెల్లెలు కామేశ్వరి అతన్ని చూడగానే ఏడుస్తూ పరిగెత్తుకొచ్చి చేతులు పట్టుకుంది. అతను ఏమీ మాట్లాడలేదు."

ఆన్‌లైన్‌లో రాతతో ఆడే రోల్‌ప్లేకి నమూనాగా నేనల్లిన ముక్క ఇది. ఇద్దరో నలుగురో తలా ఒక పాత్ర తీసుకుని, ఒకరి తర్వాత ఒకరు నాలుగైదు వాక్యాలు రాస్తూ కథ నడపడమే ఈ ఆట. ఇక్కడ సింహాచలం ఒకరి పాత్ర, కామేశ్వరి ఇంకొకరి పాత్ర. చోటు అండమాన్‌లోని శ్రీవిజయపురం, అంటే 2024 దాకా పోర్ట్ బ్లెయిర్ అన్న ఊరు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి స్థిరపడ్డ కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల జనంలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగే. కాబట్టి కథకి చోటు కుదిరింది. వాక్యాల్లో తప్పుల్లేవు. అయినా ఇది చెడ్డ వంతు. కామేశ్వరి పాత్రధారికి చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. ఆమె ఏడుపూ పరుగూ సింహాచలం పాత్రధారే రాసేశాడు, తాను మాత్రం నోరు మెదపకుండా కూర్చున్నాడు.

కొత్తగా ఆడేవాళ్లకి అందరూ చెప్పే సలహా వర్ణన పెంచమని. నాకది సగం సలహాగానే కనిపిస్తుంది. అసలు పని వంతు అందించడం. దాని వెనక యాభై ఏళ్ల శాస్త్రం ఉంది.

కాగితం, పాచికలతో ఆడే 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అమెరికాలో 1974లో వచ్చింది. అదే ఏడు హార్వీ శాక్స్, ఇమాన్యుయెల్ షెగ్లాఫ్, గెయిల్ జెఫర్సన్ అనే ముగ్గురు పరిశోధకులు, మామూలు సంభాషణలో మనుషులు వంతులు ఎలా మార్చుకుంటారో వివరిస్తూ ఒక వ్యాసం వేశారు. ఆట తయారుచేసినవాళ్లకీ ఈ పరిశోధకులకీ ఒకరి సంగతి ఒకరికి తెలిసి ఉండే అవకాశం తక్కువే. నాలుగేళ్లకి, 1978లో, ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ కంప్యూటర్ల మీద అక్షరాలతోనే నడిచే 'మడ్' ఆట మొదలుపెట్టారు. నేటి రాత రోల్‌ప్లేకి అది పూర్వీకుల్లో ఒకటి.

మాటలో వంతు ఎంత వేగంగా మారుతుందో 2009లో తాన్యా స్టైవర్స్ బృందం పది భాషల్లో కొలిచింది. అవును, కాదు అని జవాబిచ్చే ప్రశ్నలకి సగటు విరామం సెకనులో ఐదో వంతు, అంటే సుమారు 200 మిల్లీసెకన్లు. జపనీస్‌లో ఇంకా తక్కువ, డేనిష్‌లో ఎక్కువ. ఇందులో ఒక చిక్కుంది. ఒక బొమ్మని చూసి దాని పేరు పలకడానికే మెదడుకి సుమారు 600 మిల్లీసెకన్లు పడుతుంది. మరి 200లో జవాబెలా వస్తోంది? ఎదుటివాడి మాట పూర్తికాకముందే వినేవాడు ముగింపుని ఊహించి తన మాట సిద్ధం చేసుకుంటున్నాడు. గొంతు దిగడం, చూపు తిరగడం, వాక్యం ముగింపుకొస్తున్న తీరు ఆ ఊహకి ఆధారాలు.

ఆ ఆధారాలు చెడితే ఏమవుతుందో అండమాన్ వాసులకి చాలా ఏళ్లు అనుభవమే. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రగర్భ ఫైబర్ కేబుల్ ప్రారంభమయ్యేదాకా ఆ దీవులు బయటి ప్రపంచంతో మాట్లాడటానికి ఉపగ్రహాల మీదే ఆధారపడ్డాయి. భూస్థిర ఉపగ్రహం సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మాట పైకి వెళ్లి కిందికి రావడానికి పావు సెకను, జవాబు తిరిగి రావడానికి ఇంకో పావు సెకను. మామూలు విరామం 200 మిల్లీసెకన్లైనప్పుడు అదనంగా అర సెకను చేరితే ఎదుటివాడు తటపటాయిస్తున్నాడని అనిపిస్తుంది. మనం మళ్లీ అందుకుంటాం, అప్పుడే అతని జవాబొచ్చి ఢీకొంటుంది, ఇద్దరూ ఒకేసారి ఆగిపోతారు. కేబుల్ పొడవు మొత్తం, దీవుల మధ్య ముక్కలతో కలిపి, సుమారు 2,300 కిలోమీటర్లు. గాజు పోగులో కాంతి ఆ పొడవంతా ఒకసారి దాటినా 12 మిల్లీసెకన్లకి మించదు.

ఆధారాలేవీ లేనప్పుడు మనిషి వాటిని చేత్తో తయారు చేసుకుంటాడు. 2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందం భారతీ ప్రసాద్ ఆధ్వర్యంలో పోర్ట్ బ్లెయిర్‌లో హామ్ రేడియో నడుపుతోంది. 26 ఉదయం భూకంపం, సునామీ వచ్చాయి. ఆ బృందం సరదా సంభాషణలు ఆపి అత్యవసర సందేశాలు చేరవేసింది. ఇలాంటి రేడియోలో మీట నొక్కి మాట్లాడుతున్నంతసేపూ ఎదుటివాడు వినపడడు. అందుకే మాట చివర 'ఓవర్' అంటారు: నా వంతు అయింది, ఇక నీదే.

రాత రోల్‌ప్లేలో గొంతూ లేదు, చూపూ లేదు, 'ఓవర్' కూడా లేదు. ఆ పనంతా ఆఖరి వాక్యమే చెయ్యాలి. సింహాచలాన్ని మళ్లీ దింపుదాం:

"సింహాచలం జెట్టీ మీద కాలుపెట్టి ఆగాడు. సంచి కుడిచేతి నుంచి ఎడమచేతికి మార్చుకున్నాడు. కామేశ్వరి తనని చూస్తోందో, వెనక దిగుతున్న జనాన్ని చూస్తోందో తెలియలేదు. 'ఏటే సెల్లీ, పోల్చుకోనేదేటి?' అన్నాడు. ఆమె పలకకముందే గొంతు తగ్గించి, 'అమ్మ పంపిన కాయితం సదివేవా నేదా?' అని అడిగాడు."

వేదన అన్న మాటే లేదు. చేతులు మారిన సంచిలో అది ఉంది. కామేశ్వరి ఏం చేసిందో రాయలేదు, అది ఆమె పాత్రధారి సొత్తు. ముఖ్యంగా, ఆ కాయితంలో ఏముందో ఇద్దరు పాత్రధారులకీ ఇంకా తెలియదు. రెండోవారు ఏ జవాబు రాసినా కథ కదలాల్సిందే. చదివానంటే ఏముందో చెప్పాలి, లేదంటే ఎందుకు చదవలేదో చెప్పాలి.

ఈ విద్య మనకి కొత్తదేం కాదు. అవధానంలో పృచ్ఛకుడు సమస్య ఇస్తాడు. పైకి అసంబద్ధంగా కనిపించే ఒక్క పాదం అది, మిగతా మూడూ అవధాని పూరించాలి. మంచి సమస్య లొంగనట్టే కనిపిస్తుంది, కానీ లొంగే దారి ఒకటైనా ఉంటుంది. బొత్తిగా దారిలేనిదిచ్చి మురిసిపోయే పృచ్ఛకుడు రోల్‌ప్లేలోనూ ఉంటాడు. అతనితో ఎవరూ రెండోసారి ఆడరు.

ఇక గొంతు లేని రాతలో వ్యంగ్యం సంగతి. 2005లో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ బృందం ఒక ప్రయోగం చేసింది. కొందరు కొన్ని వాక్యాలు వ్యంగ్యంగానో, నిజంగానో చెప్పారు. గొంతుతో చెప్పినా, ఈమెయిల్‌లో రాసినా ఎదుటివాళ్లు సుమారు 78 శాతం సరిగ్గా గుర్తిస్తారనుకున్నారు. గొంతు విన్నప్పుడు 73 శాతం గుర్తించారు, ఈమెయిల్‌లో 56 శాతమే. బొమ్మా బొరుసూ వేసినా 50 వస్తుంది! రాసేవాడి చెవిలో తన గొంతు మోగుతూనే ఉంటుంది, అది అక్షరాల్లోకి దిగలేదని అతనికి తోచదు. ఆశ్చర్యార్థకాలు గుప్పించినా లాభం లేదు. మాట పక్కన చిన్న చేష్ట పెట్టడం మేలు. 'ఎంత మంచోడివో' అన్న కామేశ్వరి అదే క్షణంలో అతని సంచి లాక్కుని నడిస్తే ఒక అర్థం, తలుపు గడియ పెడితే ఇంకొకటి.

చోటు విషయంలో ఒక తకరారు. మొదటి ముక్కలో సింహాచలం దిగినప్పుడు ఆరున్నరకి ఆకాశం కాషాయంగా ఉంది. శ్రీవిజయపురంలో ఏ నెలలోనూ అది జరగదు. భారత ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది, ఆ ఊరు సుమారు 92.7 డిగ్రీల దగ్గరుంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సూర్యుడు అక్కడ నలభై నిమిషాలు ముందుంటాడు. డిసెంబరులో ఐదు గంటల ప్రాంతంలో, జూన్, జూలైల్లోనూ ఆరుకి ముందే పొద్దు గుంకుతుంది. ఆరున్నరకి జెట్టీ మీద దీపాలు వెలిగి ఉంటాయి. ఆ ఊరి పాత్రధారి దీన్ని చదవగానే కథలోంచి బయటపడతాడు. వర్ణన పదిరెట్లు పెంచడం కన్నా ఇలాంటి ఒక్క వివరం సరిచూసుకోవడం ఎక్కువ పనిచేస్తుందని నా అభిప్రాయం.

రోల్‌ప్లేలో జవాబు రెండు రోజులకో, వారానికో వస్తుంది. జాక్వెలిన్ శాక్స్ 1967లో చూపించినదాని ప్రకారం, విన్న వాక్యంలోని పదాల కూర్పు అర నిమిషంలోపే మరుపున పడుతుంది, అర్థం మాత్రం నిలుస్తుంది. చదివిన కథకీ చాలావరకు అంతే. వారం తర్వాత మీ తోటి పాత్రధారికి మీ ఉపమానాలు గుర్తుండవు, ఎవరు ఏం కోరుకుంటున్నారో గుర్తుంటుంది. కనక మీ వంతు మొదట్లో అవతలివారు చివర రాసిన చేష్టనో, వస్తువునో పట్టుకుని మొదలుపెట్టండి. 'ఆమె', 'అతను' వదిలి పేరు రాయండి. ముగ్గురాడుతుంటే ప్రశ్న ఎవరిని అడుగుతున్నారో అందులోనే తెలియాలి, లేకపోతే మిగతా ఇద్దరూ ఒకరికోసం ఒకరు ఆగిపోయి కథ అక్కడే పడి ఉంటుంది.