వెల్డింగు చేసిన డిఫరెన్షియల్

మోటారు వాహనపు ఇరుసు మధ్యలో ఉండే డిఫరెన్షియల్ అనే పరికరంలోని పళ్ళచక్రాలను ఒకదానితో ఒకటి కదలకుండా అతికివేస్తే దానిని వెల్డింగు చేసిన డిఫరెన్షియల్ అంటారు. ఇలా చేసిన తరువాత ఆ ఇరుసుకు ఉన్న రెండు చక్రాలూ ఎల్లప్పుడూ ఒకే వేగంతో తిరుగుతాయి. బురద, ఇసుక, రాళ్ళ నేలలపై వాహనానికి ఎక్కువ పట్టు లభించటానికి, డ్రిఫ్టింగు అనే మోటారు క్రీడలో వెనుక చక్రాలు రెండూ కలిసి జారటానికి ఈ పద్ధతిని అనుసరిస్తారు. అమెరికాలో దీనిని సరదాగా "లింకన్ లాకర్" అని కూడా పిలుస్తారు. వెల్డింగు యంత్రాలను తయారుచేసే లింకన్ ఎలక్ట్రిక్ సంస్థ పేరు మీదుగా ఈ మాట పుట్టింది. ఖర్చు చాలా తక్కువ కావటం ఈ పద్ధతిలోని ప్రధాన ఆకర్షణ. అయితే గట్టి రోడ్డు మీద, ముఖ్యంగా మలుపులలో, ఇది వాహనానికీ అందులోని వారికీ ప్రమాదకరం కాగలదు.

డిఫరెన్షియల్ అవసరం

వాహనం మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం కంటే బయటి చక్రం ఎక్కువ దూరం ప్రయాణించాలి. ఉదాహరణకు, ఎడమ కుడి చక్రాల మధ్య 1.4 మీటర్ల దూరం గల ఒక కారు పావు వృత్తం మేర మలుపు తిరిగిందనుకుందాం. లోపలి చక్రం 5 మీటర్ల వ్యాసార్ధంలో తిరిగితే అది నడిచిన దూరం సుమారు 7.85 మీటర్లు. బయటి చక్రం 6.4 మీటర్ల వ్యాసార్ధంలో తిరుగుతుంది కనుక అది నడిచిన దూరం సుమారు 10.05 మీటర్లు. తేడా 2.2 మీటర్లు. మలుపు చిన్నదైనా పెద్దదైనా పావు వృత్తానికి ఈ తేడా మారదు. ఎందుకంటే అది రెండు చక్రాల మధ్య దూరం మీద మాత్రమే ఆధారపడి ఉంటుంది.

ఎడ్లబండికి ఈ చిక్కు లేదు. దాని చక్రాలు ఇరుసు మీద దేనికది విడిగా తిరుగుతాయి. పైగా బండిని లాగేవి ఎద్దులు కనుక చక్రాలను ఎవరూ తిప్పనక్కరలేదు. మోటారు వాహనంలో ఇంజను శక్తే చక్రాలను తిప్పాలి. ఒకే ఇంజను శక్తిని రెండు చక్రాలకు పంచుతూ, అదే సమయంలో అవి వేరువేరు వేగాలతో తిరిగే స్వేచ్ఛను ఇచ్చే సాధనమే డిఫరెన్షియల్. ఫ్రాన్సు దేశస్థుడైన ఒనెసిఫోర్ పెక్యూర్ 1820వ దశకం చివరలో ఆవిరితో నడిచే బండి కోసం దీనిని రూపొందించాడు.

నిర్మాణం, పనిచేసే విధానం

వెనుక చక్రాలతో నడిచే వాహనంలో ఇంజను శక్తి గేరుబాక్సు నుండి ప్రొపెల్లర్ షాఫ్టు ద్వారా వెనుకకు వస్తుంది. ఆ షాఫ్టు చివరనున్న పినియన్ ఒక పెద్ద పళ్ళచక్రాన్ని తిప్పుతుంది. దీనిని క్రౌన్ వీలు అంటారు. క్రౌన్ వీలుకు బిగించిన గూడులో రెండు లేక నాలుగు చిన్న స్పైడర్ గేర్లు, వాటికి ఇరువైపులా రెండు సైడ్ గేర్లు ఉంటాయి. ఒక్కొక్క సైడ్ గేరు నుండి ఒక్కొక్క చక్రానికి యాక్సిల్ షాఫ్టు వెళుతుంది.

వాహనం తిన్నగా పోతున్నప్పుడు స్పైడర్ గేర్లు గూడుతో పాటు తిరుగుతాయే కాని తమ చుట్టూ తాము తిరగవు. మలుపులో మాత్రం అవి తమ చుట్టూ తాము తిరిగి, ఒక చక్రం ఎంత నెమ్మదిస్తే రెండవ చక్రానికి అంత వేగాన్ని కలుపుతాయి. క్రౌన్ వీలు 100 చుట్లు తిరిగే సమయంలో లోపలి చక్రం 90 చుట్లు తిరిగితే బయటిది 110 చుట్లు తిరుగుతుంది. అనగా రెండు చక్రాల వేగాల సగటు ఎప్పుడూ క్రౌన్ వీలు వేగానికి సమానం.

సాధారణ డిఫరెన్షియల్‌లోని లోపం

సాధారణ డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ దాదాపు సమానమైన టార్క్‌ను, అనగా తిప్పే బలాన్ని, అందిస్తుంది. ఈ సమానత్వమే బురదలో చిక్కు తెస్తుంది. ఒక చక్రం బురదలో, మరొకటి పొడి నేల మీద ఉన్నాయనుకుందాం. బురదలోని చక్రం 100 న్యూటన్ మీటర్ల టార్క్‌కే జారుతుందని, పొడి నేల మీది చక్రం 1000 న్యూటన్ మీటర్ల వరకు తట్టుకోగలదని ఊహిద్దాం. బురదలోని చక్రం 100 దాటగానే జారిపోతుంది కనుక పొడి నేల మీది చక్రానికి కూడా సుమారు 100 మాత్రమే అందుతుంది. రెండూ కలిపి 200. పట్టు ఉన్న చక్రం కదలకుండా నిలిచిపోతే, పట్టు లేని చక్రం రెట్టింపు వేగంతో బురదను చిమ్ముతూ ఉంటుంది.

వెల్డింగు వలన కలిగే మార్పు

స్పైడర్ గేర్లను, సైడ్ గేర్లను కలిపి అతికితే రెండు యాక్సిల్ షాఫ్టులు ఒకే కడ్డీలాగా పనిచేస్తాయి. పై ఉదాహరణలో బురదలోని చక్రం 100 తీసుకున్నా, పొడి నేల మీది చక్రం తాను తట్టుకోగల 1000 న్యూటన్ మీటర్లనూ తీసుకోగలదు. మొత్తం 1100. ఇంజను శక్తి ఏమాత్రం పెరగలేదు, నేల పట్టు కూడా పెరగలేదు. ఉన్న పట్టును వాడుకోవటానికి అడ్డు తొలగింది, అంతే.

అయితే దీనికి బదులుగా చక్రాలు తమ స్వేచ్ఛను కోల్పోతాయి. మలుపులో రావలసిన 2.2 మీటర్ల తేడా ఎక్కడికీ పోదు. అంత మేరా టైర్లు నేల మీద జారవలసిందే. మట్టి, ఇసుక నేలలపై టైరు సులభంగా జారుతుంది కనుక ఇబ్బంది తక్కువ. పొడిగా ఉన్న తారు రోడ్డు మీద టైరు తేలికగా జారదు. అప్పుడు యాక్సిల్ షాఫ్టులు మెలిపడి, టైరు ఒక్కసారిగా కీచుమని జారుతుంది. ప్రతి మలుపులోనూ ఇదే జరుగుతుంది.

ఉపయోగాలు

* డ్రిఫ్టింగు: 1970లలో జపాన్‌లో రూపుదిద్దుకున్న ఈ క్రీడలో వెనుక చక్రాలు రెండూ కలిసి జారాలి. తక్కువ ఖర్చుతో సాధన మొదలుపెట్టేవారు వెల్డింగును ఎంచుకుంటారు.
* రాళ్ళు, బురద మీది ప్రయాణం: ఒక చక్రం గాలిలోకి లేచినా రెండవ చక్రం వాహనాన్ని ముందుకు నెడుతుంది.
* మట్టి ట్రాక్‌ల మీది పందేలు.

లోపాలు, ప్రమాదాలు

* మలుపులో లోపలి చక్రం ముందుకు నెడుతుంది, బయటి చక్రం వెనుకకు లాగుతుంది. అందువలన స్టీరింగు తిప్పినా వాహనం తిన్నగా పోవటానికే మొగ్గు చూపుతుంది.
* తడి రోడ్డు మీద మలుపులో యాక్సిలరేటరు తొక్కితే వెనుక చక్రాలు రెండూ ఒకేసారి పట్టు కోల్పోయి వాహనం గిర్రున తిరిగే అవకాశం ఉంది. సాధారణ డిఫరెన్షియల్‌లో ముందుగా ఒక చక్రమే జారుతుంది కనుక రెండవది వాహనాన్ని కొంతవరకు నిలబెడుతుంది.
* మొత్తం బలం ఒకే యాక్సిల్ షాఫ్టు మీద పడినప్పుడు అది విరగవచ్చు.
* టైర్లు త్వరగా అరిగిపోతాయి.
* ముందు ఇరుసుకు వెల్డింగు చేస్తే గట్టి నేల మీద స్టీరింగు తిప్పటమే కష్టమవుతుంది.

వెల్డింగులోనే మరొక చిక్కు ఉంది. ఈ పళ్ళచక్రాలు పైపొర గట్టిపరచిన ఉక్కుతో తయారవుతాయి. ఇటువంటి ఉక్కును చల్లగా ఉండగా అతికి, వెంటనే చల్లారనిస్తే అతుకు పక్కన పెళుసుబారి పగుళ్ళు వస్తాయి. ముందుగా వేడి చేయటం, తరువాత నెమ్మదిగా చల్లారనివ్వటం అవసరం. పళ్ళ మధ్య నూనె మిగిలి ఉంటే అతుకు బలహీనపడుతుంది. ఆ నూనెను క్లోరిన్ కలిసిన ద్రావకాలతో కడిగి, అవి పూర్తిగా ఆరకముందే వెల్డింగు చేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టవచ్చు. ప్రయాణంలో అతుకు విరిగి ముక్కలు క్రౌన్ వీలు పళ్ళ మధ్య పడితే వెనుక చక్రాలు హఠాత్తుగా బిగుసుకుపోగలవు. వెల్డింగు చేసిన గేర్లను తిరిగి మామూలుగా వాడలేము. కొత్తవి వేయవలసిందే.

ప్రత్యామ్నాయాలు

పట్టు కావలసినప్పుడు మాత్రమే చక్రాలను కలిపి, అక్కరలేనప్పుడు విడదీసే సాధనాలు ఉన్నాయి. మన రైతులకు ఇందులో బాగా తెలిసినది ట్రాక్టరుకు ఉండే డిఫరెన్షియల్ లాక్ పెడలు. దమ్ము చేసే వరి మడిలో ఒక చక్రం జారుతూ ఉంటే డ్రైవరు ఆ పెడలు తొక్కుతాడు. రెండు చక్రాలూ కలిసి తిరిగి ట్రాక్టరు బయటపడుతుంది. మలుపు తిప్పే ముందు, గట్టి నేల మీదకు వచ్చే ముందు దానిని విడిచిపెట్టాలి. వెల్డింగు చేసిన డిఫరెన్షియల్‌ను ఎన్నటికీ విడువని పెడలుగా భావిస్తే దాని గుణదోషాలు రెండూ అర్థమవుతాయి.

కార్లలో, జీపులలో గాలి ఒత్తిడితో లేక విద్యుత్తుతో పనిచేసే లాకర్లు ఉన్నాయి. ఒక చక్రం జారటం మొదలుపెట్టగానే తమంతట తామే కలిసే యాంత్రిక లాకర్లూ ఉన్నాయి. 2020లో విడుదలైన మహీంద్రా థార్ రెండవ తరం వాహనాలలో కొన్ని రకాలకు ఇటువంటిది అమర్చారు. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ వేగాల తేడాను పూర్తిగా ఆపకుండా కొంతవరకు అదుపు చేస్తుంది. ట్రాక్షన్ కంట్రోలు ఉన్న కార్లలో జారుతున్న చక్రానికి మాత్రమే బ్రేకు పడి, రెండవ చక్రానికి బలం అందుతుంది. ఇవన్నీ వెల్డింగు కంటే ఖరీదైనవి. కాని మలుపులో చక్రాలకు కావలసిన స్వేచ్ఛను ఇవి పూర్తిగా తీసివేయవు. అందువలన వెల్డింగు పద్ధతి ట్రాకులకు, పొలాలకు, అడవి దారులకు పరిమితమైన వాహనాలకే తగినది. రోజూ రోడ్డు మీద తిరిగే వాహనానికి తగినది కాదు.

ఇవి కూడా చూడండి

* ఘర్షణ
* గేరు
* ట్రాక్టరు
* వెల్డింగు