లోగోకి ఏ ఫైలో అడిగి తీసుకోండర్రా!

2018 అక్టోబర్‌లో తిత్లీ వొచ్చి మా ఉద్దానం జీడితోటల్ని, కొబ్బరిచెట్లని కూల్చీసినాది. మా పిన్ని తోటా పోనాది. మళ్లీ మొక్కలేసి, కాపు కోసం ఏళ్లు ఆగి, మొన్నీమధ్య ఒక మాటంది: "ఎన్నాళ్లని పిక్కలు బస్తాల లెక్కన షావుకారికి తూచీడం? పప్పు మనమే కొట్టించి, మన పేరుతోనే అమ్ముదుం రా."

లోగో పని నా మీద పడ్డాది. డిజైన్ చేసే కుర్రోడు జీడిపండు బొమ్మ బాగా గీసి వాట్సాప్‌లో పంపినాడు. అదే ఫొటోని కవర్లు అచ్చేసేవోళ్లకి తోసీసినాను. 500 కవర్లు వొచ్చినాయి. ఎర్ర కవరు మీద తెల్లటి డబ్బా, అందులో మసక బొమ్మ. పిన్ని చూసి, "పప్పేమో 240 నంబరు, కవరు సూస్తే ముక్కపప్పు నాగుంది" అంది.

తప్పు నాదే. ఏ ఫైల్ అడగాలో నాకు తెలీదు. మీకు నష్టం రాకూడదని రాస్తన్నాను.

జేపెగ్: 1992లో ఫొటోల కోసం వొచ్చిన ప్రమాణం. బొమ్మని 8 చుక్కల పొడవు, 8 చుక్కల వెడల్పు గళ్లుగా కోసి, కంటికి పెద్దగా ఆనని వివరాలు పారేసి సైజు తగ్గిస్తాది. భావనపాడు సముద్రం ఫొటోకి బాగుంటాది. లోగోకి అక్షరాల అంచు కత్తితో కోసినట్టుండాల, మసక అక్కడే పుడతాది. పైగా బొమ్మ వెనక ఖాళీ ఉంచడం దీనికి చేతకాదు. ఆ తెల్ల డబ్బా అలా వొచ్చిందే.

పీఎన్‌జీ: 1996 నాటిది. ఏదీ పారీదు, వెనక ఖాళీ ఉంచుతాది. ఫోన్‌కి, వెబ్‌సైట్‌కి ఇదే మంచిది. కానీ ఇదీ చుక్కల బొమ్మే. 900 చుక్కల వెడల్పుంటే, అంగుళానికి 300 లెక్కన 3 అంగుళాల అచ్చుకి సరిపోతాది. దాన్నే 6 అడుగుల ఫ్లెక్సీకి సాగదీస్తే అంగుళానికి 13 చుక్కలు కూడా రావు.

ఎస్‌వీజీ: ఇందులో చుక్కలుండవు, కొలతలుంటాయి. ఇక్కణ్ణించి ఇక్కడికి ఈ వంపు, లోపల ఈ రంగు అని. అందుకే అగ్గిపెట్టె మీదైనా, లారీ మీదైనా అంచు చెదరదు. అచ్చు షాపులు ఇలాంటి బొమ్మనే పీడీఎఫ్‌లోనో, కోరల్‌డ్రా ఫైల్‌గానో అడుగుతాయి.

ఒక మోసం ఉంది, చూసుకోండి. జేపెగ్‌ని పీడీఎఫ్‌లో పెట్టినంత మాత్రాన అది కొలతల బొమ్మ అయిపోదు. తెరిచి బాగా పెద్దది చేయండి. అంచు మెట్లుమెట్లుగా కనిపిస్తే అది చుక్కల బొమ్మే. తెలుగు అక్షరాల్ని కూడా గీతలుగా మార్పించండి. లేకపోతే ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో వొత్తులు ఒకచోట, అక్షరాలు ఒకచోట పడతాయి.

డబ్బులిచ్చే ముందే అసలు ఫైల్, ఎస్‌వీజీ, పీడీఎఫ్, పెద్ద పీఎన్‌జీ నాలుగూ అడిగి తీసుకోండి. వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపించుకోండి. ఫొటోగా పంపితే అది నొక్కీసి చిన్నది చేస్తాది. ఒక కాపీ మెయిల్‌లో దాచుకోండి. కుర్రోడు రేపు హైదరాబాద్ ఎల్లిపోతే ఎవుణ్ణి అడుగుతాం?

మా కుర్రోడి దగ్గర అసలు ఫైల్ ఇంకా ఉంది, బతికిపోనాం. రెండోసారి కవర్లు సక్కగా వొచ్చినాయి. మసకవి పారీలేదు. పిన్ని వాటిలో ముక్కపప్పు పోసి ఊళ్లోనే అమ్ముతోంది.